సిజేరియన్ తరువాత సుఖప్రసవం – సాధ్యమా? క్షేమమా?

"డాక్టరమ్మగారూ! మా అమ్మాయికి మొదటి కాన్పులో పెద్దాపరేషన్ చేశారు. ఈసారైనా మామూలు కాన్పు కావాలని మా ఆశ. తొమ్మిదో నెల వచ్చేసింది. నొప్పులు తేలికగా వచ్చేటట్లు ఏదైనా మంచి కషాయం ఇప్పించండమ్మా" అంటూ ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది.

ఇటువంటి అభ్యర్థన నాకు క్రొత్త కాదు. "మొదటి ఆపరేషన్ కాగితాలు తెచ్చారా అమ్మా?" అని అడిగాను.

"అవెందుకమ్మా? ఎక్కడ పెట్టామో ఏమో! కుట్లు అడ్డంగానే ఉన్నాయి. కావాలంటే చూడండి" అన్నది ఆ తల్లి.

ఆ రోజు నేను కషాయం వ్రాయలేదు. ఆ కాగితం వెదకి తెమ్మని పంపించాను. ఆ తల్లి కొంత నొచ్చుకున్నది కూడా. ఆయుర్వేద వైద్యురాలినై యుండి, సుఖప్రసవానికి ఒక మందైనా ఇవ్వకుండా ఆపరేషన్ కాగితం అడుగుతానేమిటని ఆమెకు అనిపించి ఉండవచ్చు. ఆమెకు చెప్పిన సంగతులనే, మరికొంత వివరంగా, మన పాఠక సోదరీమణుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ విషయం నేడు ఏ కొందరికో సంబంధించినది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో అవి నూటికి 42.4, తెలంగాణలో 60.7. అనగా మన తెలుగునాట రెండవసారి గర్భం ధరించే స్త్రీలలో ఎందరో గర్భాశయం మీద ఒక కోత గుర్తుతోనే ఆ రెండవ కాన్పుకు సిద్ధమవుతున్నారు.

ఒకసారి కోత అయితే ప్రతిసారీ కోతేనా?

ఈ మాట మన ఇళ్లలో గట్టిగా నాటుకొని ఉన్నది. దీనికి మూలం 1916లో న్యూయార్క్ నగరానికి చెందిన ఎడ్విన్ క్రేగిన్ అనే ప్రసూతి వైద్యుడు వ్రాసిన ఒక వ్యాసం. "ఒకసారి సిజేరియన్ అయితే ఎల్లప్పుడూ సిజేరియనే" అన్న అర్థంలో ఆయన చెప్పిన మాట లోకమంతటా ప్రాకింది. ఆ రోజులకు ఆ మాట చాలవరకు సరియైనదే. ఎందుకంటే అప్పటి శస్త్రచికిత్సలో గర్భాశయాన్ని పై భాగంలో నిలువుగా కోసేవారు. నొప్పుల సమయంలో బలంగా ముడుచుకొనేది ఆ పై భాగమే. అక్కడ అతుకు ఉంటే మరుసటి కాన్పులో అది విచ్చుకొనే ప్రమాదం హెచ్చు.

1920ల దశకంలో స్కాట్లండ్‌కు చెందిన మన్రో కెర్ అనే వైద్యుడు గర్భాశయపు క్రింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఈ క్రింది భాగం పలుచనిది. నొప్పుల సమయంలో ఇది పై భాగం వలె ముడుచుకొనక సాగుతుంది. ఇక్కడి అతుకు ఎక్కువ భద్రంగా మానుతుంది. నేడు అత్యధిక సిజేరియన్లు ఈ పద్ధతిలోనే జరుగుతున్నాయి. కోసే పద్ధతి మారినప్పుడు పాత మాట కూడా మారవలసినదే గదా!

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, ఒకే ఒక సిజేరియన్ అయి, తగినవారని వైద్యులు నిర్ణయించిన స్త్రీలు మామూలు కాన్పుకు ప్రయత్నించినప్పుడు నూటికి సుమారు 72 నుండి 75 మందికి అది నెరవేరుతున్నది. అంతకుముందు ఎప్పుడైనా ఒక మామూలు కాన్పు అయి ఉన్నవారిలో ఈ సంఖ్య 85 నుండి 90 వరకు ఉన్నది. అయితే ఈ అంకెలు ఎడతెగని పరిశీలన, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేసే ఏర్పాటు ఉన్న ఆసుపత్రుల నుండి వచ్చినవి. ఇంటి కాన్పులకు వీటిని అన్వయించరాదు.

పొట్ట మీది గీత చూసి మోసపోవద్దు

ఆ తల్లి "కుట్లు అడ్డంగానే ఉన్నాయి" అన్నది గదా! అక్కడే చాలామంది పొరబడుతున్నారు. చర్మం మీది కోత వేరు, లోపల గర్భాశయం మీది కోత వేరు. పైన అడ్డంగా ఉన్నా లోపల నిలువుగా కోసి ఉండవచ్చు. పైన నిలువు గీత ఉన్నా లోపల అడ్డంగా కోసి ఉండవచ్చు. నెలలు నిండకముందే ఆపరేషన్ చేయవలసి వచ్చినప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ క్రిందికి ఉన్నప్పుడు వైద్యులు కొన్నిసార్లు లోపల నిలువుగా కోయవలసి వస్తుంది. ఏ నాడి పరీక్షకూ ఇది తెలియదు. చెప్పగలిగినది నాటి ఆపరేషన్ వివరం ఒక్కటే.

అందుచేత మొదటి పని ఆ ఆసుపత్రికి వెళ్లి డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాల నకలు అడిగి తెచ్చుకోవడం. అందులో ఈ నాలుగు సంగతులు చూడవలెను.

1. గర్భాశయం మీద కోత ఎక్కడ, ఏ దిశలో పెట్టారు?
2. ఆపరేషన్ ఎందుకు చేశారు?
3. కోత ప్రక్కకు చీలడం, రక్తం అధికంగా పోవడం వంటివి జరిగాయా?
4. తరువాత జ్వరం వచ్చిందా? కుట్లకు చీము పట్టిందా?

ఇందులో రెండవ ప్రశ్న కూడా ముఖ్యమైనదే. ఎదురుకాళ్ల వలన, బిడ్డ గుండె చప్పుడు తగ్గడం వలన ఆపరేషన్ జరిగి ఉంటే ఆ కారణం మరుసటిసారి ఉండకపోవచ్చు. "నొప్పులు సాగలేదు, తల దిగలేదు, ఎముక ఇరుకు" అని చెప్పి చేసిన సందర్భాలలో ఆశ కొంత తగ్గుతుంది. అయినా అటువంటివారిలో కూడా సగానికి పైగా రెండవసారి మామూలుగా ప్రసవిస్తున్నారు.

ఎవరు ప్రయత్నించవచ్చు? ఎవరు కూడదు?

క్రింది భాగంలో ఒకే ఒక అడ్డకోత, కడుపులో ఒకే బిడ్డ, తల క్రిందికి ఉండడం, మాయ సరియైన చోట ఉండడం, తల్లికి వేరే పెద్ద జబ్బులు లేకపోవడం – ఇవన్నీ అనుకూలమైన లక్షణాలు.

గర్భాశయం పై భాగంలో నిలువుకోత ఉన్నవారు, ఇంతకుముందు గర్భాశయం చిట్లినవారు, ఈసారి మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉన్నవారు ప్రయత్నం చేయరాదు. గర్భాశయంలో గడ్డలు తీయించుకున్నవారి విషయంలో ఆ కోత ఎంత లోతుకు వెళ్లిందో తెలుసుకొని వైద్యులు నిర్ణయిస్తారు. రెండు సిజేరియన్లు అయినవారి సంగతి అనుభవజ్ఞులైన వైద్యులు, అన్ని వసతులూ గల పెద్ద ఆసుపత్రిలో ఆలోచించవలసినది. ఇంట్లో కూర్చొని తేల్చుకొనేది కాదు.

మాయ సంగతి ఇక్కడ మరొక్కసారి చెప్పవలెను. పాత కోత ఉన్నవారిలో మాయ క్రిందికి ఉండి, ఆ కోత గుర్తులోనికే వేరులు దిగినట్లు అతుక్కొనే ప్రమాదం ఉన్నది. సిజేరియన్ల సంఖ్య పెరిగినకొద్దీ ఈ ప్రమాదమూ పెరుగుతుంది. కనుక స్కానింగులో మాయ ఎక్కడ ఉన్నదో ప్రత్యేకంగా అడిగి తెలుసుకొనవలెను. ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలు కావాలనుకొనేవారు వీలైనప్పుడు మామూలు కాన్పును కోరుకోవడానికి ఇది ఒక బలమైన కారణం.

అసలు భయం దేనికి?

భయం పాత అతుకు విచ్చుకోవడం గురించే. ఒక అడ్డకోత ఉన్నవారికి నొప్పులు వాటంతట అవే వచ్చినప్పుడు, సుమారు 200 మందిలో ఒకరికి గర్భాశయం చిట్లవచ్చునని లెక్క. అనగా 199 మందికి చిట్లదు. అయితే చిట్లిన ఆ ఒక్కరికి మాత్రం నిమిషాల లెక్కన బిడ్డ ప్రాణం, తల్లి రక్తం, ఒక్కొక్కసారి గర్భాశయం కూడా పోవచ్చు. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుంచుకొనవలెను. మొదటి మాటనే పట్టుకొంటే ఏమరుపాటు, రెండవ మాటనే పట్టుకొంటే అకారణ భయం కలుగుతాయి.

నొప్పుల సమయంలో క్రింది లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక వైద్యులకు చెప్పవలెను.

– నొప్పికి, నొప్పికి మధ్య కూడా పొట్ట క్రింది భాగంలో తగ్గని నొప్పి
– పాత కుట్ల చోట హఠాత్తుగా పోటు
– యోని ద్వారా రక్తస్రావం, మూత్రంలో రక్తం
– అప్పటివరకు బాగా వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోవడం
– కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, భుజం పైభాగంలో నొప్పి
– బిడ్డ కదలికలు తగ్గడం

అన్నిటికంటె తరచుగా కనిపించే గుర్తు బిడ్డ గుండె చప్పుడులో మార్పు. అది ఇంట్లో ఎవరికీ తెలియదు. యంత్రంతో ఎడతెగక గమనిస్తేనే తెలుస్తుంది. సిజేరియన్ అయినవారు రెండవ కాన్పుకు ఇంట్లో గాని, ఆపరేషన్ వసతి లేని చిన్న నర్సింగ్ హోములో గాని ప్రయత్నించరాదనడానికి ముఖ్య కారణం ఇదే.

కషాయాలు, ఆముదం, నొప్పుల ఇంజెక్షన్లు

ఇక ఆ తల్లి అడిగిన కషాయం సంగతికి వస్తాను. మన ఇళ్లలో నెలలు నిండగానే నొప్పులు రప్పించడానికి ఆముదం త్రాగించడం, పచ్చి బొప్పాయి తినిపించడం, ఉత్తరేణి వేరు వాడడం, పొత్తికడుపును గట్టిగా మర్దన చేయించడం వంటి అలవాట్లు ఉన్నాయి. గర్భాశయం మీద కోత గుర్తు ఉన్న స్త్రీకి ఇవేవీ చేయరాదు. వేరును లోపల ఉంచడం వలన చీము పట్టే ప్రమాదం కూడా ఉన్నది.

ఆముదం పేగును మాత్రమే కదిలిస్తుందని చాలామంది అనుకుంటారు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాల మీద, గర్భాశయ కండరాల మీద ఒకే విధమైన గ్రాహకం ద్వారా పని చేస్తుందని 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలో చూపించారు. ఒకసారి త్రాగిన తరువాత దాని వేగాన్ని ఆపడం మన చేతిలో ఉండదు. సిజేరియన్ అయిన ఒక స్త్రీ ఆముదం త్రాగిన పిమ్మట గర్భాశయం చిట్లిన ఉదంతం 2003లో వైద్య పత్రికలో నమోదైంది. దాచకుండా చెప్పుతున్నాను – వైద్య వృత్తిలో తొలినాళ్లలో నేను కూడా "మొదటి కాన్పు ఎట్లా అయింది?" అని అడగకుండానే నెలలు నిండినవారికి ఆముదం వ్రాసినదాననే. దైవవశాత్తు ఎవరికీ కీడు జరగలేదు. కాని అడగకపోవడం పొరపాటే.

నొప్పులు త్వరగా రావాలని ఊరిలో అర్హత లేనివారి చేత ఇంజెక్షన్ చేయించడం ఆముదం కంటె అపాయకరం. ఆసుపత్రులలో సైతం మందులతో నొప్పులు రప్పించినప్పుడు పాత కోత చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతున్నదని పైన చెప్పిన మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. నోటి ద్వారా గాని, యోనిలో గాని పెట్టే మిసోప్రోస్టాల్ మాత్రను సిజేరియన్ అయినవారికి నెలలు నిండిన తరువాత నొప్పుల కోసం వాడరాదు. అన్ని వసతుల మధ్య వైద్యులే ఇంత జాగ్రత్త పడుతుంటే, మోతాదు తెలియని కషాయాన్ని మనం ఇంట్లో ఎట్లా త్రాగించగలం?

"ఇది ఆయుర్వేదానికి విరుద్ధం కాదా?" అని ఎవరైనా అడుగవచ్చు. కాదు. చరక సంహిత శారీరస్థానంలో జాతిసూత్రీయమనే ఎనిమిదవ అధ్యాయం చూడండి. ప్రసవం ఆలస్యమైనప్పుడు గర్భిణి చేతికి రోకలి ఇచ్చి ధాన్యం దంచించమని కొందరు చెప్పే మాటను అక్కడ ప్రస్తావించి, ఆత్రేయ మహర్షి దానిని నిరాకరించాడు. గర్భిణికి ఎల్లప్పుడూ కఠినమైన శ్రమ వర్జ్యమనీ, ప్రసవకాలంలో మరింత వర్జ్యమనీ, ఆ శ్రమ వలన వాయువు ప్రకోపించి ప్రాణాపాయం తేవచ్చుననీ ఆయన అభిప్రాయం. దానికి బదులు మెల్లగా నడవమన్నాడు. నొప్పి రానప్పుడు ముక్కడం వ్యర్థమనీ, తల్లికి, బిడ్డకు హానికరమనీ అదే అధ్యాయంలో ఉన్నది. సమయం రానిదే తుమ్ము, మలమూత్రాలు బలవంతం మీద రానట్లే ప్రసవం కూడా రాదని పోలిక చెప్పారు. ప్రకృతిని తొందరపెట్టరాదన్నది మన శాస్త్రం మాటే. కోత గుర్తు ఉన్న గర్భాశయానికి ఆ మాట మరింతగా వర్తిస్తుంది.

తొమ్మిదవ నెలలో తైల వస్తిని, తైలంతో తడిపిన పిచువును కూడా చరకుడు చెప్పాడు. కాని వీటిని పుస్తకం చూసి ఇంట్లో చేసుకొనరాదు. ఉమ్మనీరు కారుతున్నా, మాయ క్రిందికి ఉన్నా, రక్తం కనిపించినా ఇవి కీడు చేస్తాయి. మీ ప్రసూతి వైద్యురాలి అనుమతి లేనిదే వీటి జోలికి పోవద్దు.

మరి ఇంట్లో చేయదగినది ఏమిటి?

చాలా ఉన్నది. నొప్పులను రప్పించడంలో గాక, శరీరాన్ని సిద్ధం చేయడంలో ఇంటి వైద్యం, పథ్యం ఎంతో మేలు చేస్తాయి.

ఎడం: బిడ్డ పుట్టిన తరువాత కనీసం 24 నెలలు ఆగి మరల గర్భం ధరించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సిజేరియన్ అయినవారికి ఈ ఎడం మరింత అవసరం. అతుకు బాగా మానడానికి కాలమే మందు.

రక్తం: హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. కాన్పు ఏ విధంగా జరిగినా రక్తం కొంత పోక తప్పదు గనుక ముందుగానే నిలువ పెంచుకొనవలెను. నాలుగవ నెల నుండి ప్రభుత్వం ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలను విడువక వాడవలెను. మాత్రతో కాఫీ, టీ త్రాగరాదు. అవి ఇనుమును వంటపట్టనీయవు. ఉసిరి, నిమ్మ, జామ వంటివి దానికి తోడ్పడతాయి. తోటకూర, మునగాకు, కందిపప్పు, పెసలు, రాగులు, నువ్వులు, తినే అలవాటున్నవారికి గుడ్డు, మాంసం మంచి ఆహారం. ఆకుకూర మాత్రకు తోడే గాని, మాత్రకు బదులు కాదు.

బరువు, చక్కెర: "ఇద్దరి కోసం తినాలి" అంటూ నేతి మిఠాయిలు అతిగా పెట్టరాదు. తల్లి బరువు మితిమీరినా, గర్భకాలపు మధుమేహం అదుపు తప్పినా బిడ్డ అతిగా పెరుగుతుంది. బిడ్డ 4 కిలోలు దాటితే మామూలు కాన్పు అవకాశం తగ్గుతుంది. చక్కెర పరీక్ష తప్పక చేయించుకొనవలెను. ఖర్జూరాన్ని ఆహారంగా మితంగా తినవచ్చు. మధుమేహం ఉన్నవారు వైద్యులను అడిగి తినవలెను.

నడక: వైద్యులు వద్దనకపోతే రోజూ ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున మెల్లగా నడవవలెను. దీర్ఘశ్వాస అభ్యాసం నొప్పుల సమయంలో ధైర్యాన్నిస్తుంది. ఊపిరి బిగబట్టే ప్రాణాయామం చేయరాదు.

మలబద్ధకం: రాత్రి నానవేసిన ఎండుద్రాక్ష, గోరువెచ్చని పాలు, పీచు గల కూరగాయలు, తగినన్ని నీళ్లు చాలును. భేదిమందులు వాడరాదు.

అభ్యంగనం: గోరువెచ్చని నువ్వుల నూనెను కాళ్లకు, నడుముకు, వీపుకు మృదువుగా పట్టించి స్నానం చేయవచ్చు. పొట్ట మీద మర్దన పనికిరాదు.

ఆసుపత్రిని ఎన్నుకొనేటప్పుడు

ఏడవ నెలలోనే దంపతులిద్దరూ కలిసి వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి. అడగడానికి సంకోచించవలసిన పని లేదు.

1. మా కేసులో మామూలు కాన్పుకు ప్రయత్నించడం మీకు సమ్మతమేనా? కాకపోతే కారణమేమిటి?
2. రాత్రి 2 గంటలకైనా, ఆదివారమైనా ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు అందుబాటులో ఉంటారా?
3. నొప్పుల సమయమంతా బిడ్డ గుండె చప్పుడును యంత్రంతో గమనిస్తారా?
4. రక్తం ఎంత సేపటిలో దొరుకుతుంది?
5. గడువు దాటినా నొప్పులు రాకపోతే ఏమి చేస్తారు?

"ఒకసారి సిజేరియన్ అయింది కనుక మళ్లీ అదే" అని మాత్రమే చెప్పి కారణం వివరించని చోట, మరొక వైద్యురాలి అభిప్రాయం తీసుకొనడం తప్పు కాదు. అట్లాగే, థియేటరు లేకపోయినా "మేము మామూలు కాన్పు చేసేస్తాము, భయపడకండి" అనే చోటును కూడా నమ్మవద్దు. రెండవది మొదటి దానికంటె అపాయం.

నొప్పులు మొదలైనప్పుడు

మొదటి కాన్పులో వలె "నొప్పులు బాగా ముదరనీ, తరువాత వెళదాం" అనుకొనరాదు. నొప్పులు క్రమంగా రావడం మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేరవలెను. ఆసుపత్రి దూరమైతే గడువు దగ్గర పడినప్పుడు ఆ ఊరిలోనే బంధువుల ఇంట ఉండడం మేలు. వాహనం, డబ్బు, తోడు వచ్చే మనిషి ముందుగానే సిద్ధంగా ఉండవలెను. పాత ఆపరేషన్ కాగితాలు, రక్తం గ్రూపు వివరం, స్కానింగు రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకొనండి. నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తును పాత కోత ఉన్నంత మాత్రాన నిషేధించరు. కావాలంటే వైద్యులతో మాట్లాడుకొనవచ్చు.

గడువు దాటినా నొప్పులు రాకపోతే, కొంతకాలం పరిశీలనలో వేచి చూడడం, బుడగ గొట్టం పెట్టి ముఖద్వారాన్ని తెరిపించడం, లేదా ఆపరేషన్ – వీటిలో ఏది మంచిదో వైద్యురాలు, గర్భిణి కలిసి నిర్ణయించుకొనవలెను.

ముహూర్తం మాట

మళ్లీ ఆపరేషనే అని నిర్ణయమైతే మన ఇళ్లలో వెంటనే పంచాంగం తెరుస్తారు. వేరే వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండిన తరువాతనే ఆపరేషన్ చేయించుకొనడం బిడ్డకు క్షేమం. మంచి నక్షత్రం కోసం వారం, పది రోజులు ముందుకు జరిపితే బిడ్డ ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాక శ్వాస ఇబ్బంది రావచ్చు. బిడ్డ సుఖంగా ఊపిరి పీల్చే ఘడియే మంచి ఘడియ అని పెద్దలకు నచ్చజెప్పండి.

ఆపరేషన్ అయితే ఓటమి కాదు

నూటికి 72 నుండి 75 మందికి మామూలు కాన్పు అవుతుందంటే, మిగిలిన 25 నుండి 28 మందికి ప్రయత్నం మధ్యలో ఆపరేషన్ అవుతుందని అర్థం. నొప్పుల మధ్యలో చేసే ఆపరేషన్‌లో ముందుగా నిర్ణయించుకొన్న ఆపరేషన్‌లో కంటె రక్తస్రావం, చీము పట్టడం వంటి ఇబ్బందులు ఎక్కువ. ఈ సంగతి ముందుగా తెలిసి, ఒప్పుకొని ప్రయత్నించవలెను. సుశ్రుత సంహిత నిదానస్థానంలో మూఢగర్భం గురించి చెప్పుతూ, తల్లి మరణించినా కడుపులో బిడ్డ కదులుతుంటే వెంటనే కోసి బిడ్డను బయటికి తీయమని చెప్పబడింది. శస్త్రాన్ని మన పూర్వులు శత్రువుగా చూడలేదు. నేడు అదే శస్త్రం తల్లినీ, బిడ్డనూ ఇద్దరినీ కాపాడగలుగుతున్నది. ఆపరేషన్ అయిన కోడలిని "నీకు ఓపిక లేకపోయింది" అని దెప్పే అత్తగారు, ఆడబిడ్డ ఈ మాట గ్రహించవలెను.

నా వద్దకు వచ్చిన ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. వారం తిరగకుండానే ఆ తల్లి పాత ఆసుపత్రి నుండి నకలు తెచ్చింది. క్రింది భాగంలో అడ్డకోత, కారణం ఎదురుకాళ్లు. ఈసారి తల క్రిందికే ఉన్నది, మాయ పైననే ఉన్నది. థియేటరు, రక్తనిధి ఉన్న ఆసుపత్రికి పంపించాను. నొప్పులు వాటంతట అవే వచ్చి మామూలుగా ప్రసవించింది. ఆ తరువాత కొన్నాళ్లకు మరొక ఆమె సరిగా ఇట్లే అన్నీ అనుకూలంగా ఉండి, అదే ఆసుపత్రిలో నొప్పులు పడింది. అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు పడిపోసాగింది. వెంటనే ఆపరేషన్ చేశారు. లోపల పాత అతుకు ఒక ప్రక్కన విచ్చుకొనడం అప్పుడే మొదలైందట. బిడ్డ ఏడ్చింది, తల్లి క్షేమంగా ఇంటికి వచ్చింది. ఆమె ఆ రాత్రి ఇంట్లో ఉండి ఉంటే ఏమి జరిగేదో ఊహించడానికే నాకు మనసు రాదు. ఆ ఇద్దరిలో ఎవరికి ఏది జరుగుతుందో ముందుగా నేను చెప్పగలిగి ఉండేదాన్ని కాదు. ఎవరూ చెప్పలేరు. అందుకే ఇద్దరినీ ఒకే చోటికి పంపించాను.

సిజేరియన్ అయి మరల తల్లి కాదలచిన సోదరీమణులారా! ఈ సంచిక చదవడం ముగియగానే బీరువా తెరిచి ఆ పాత కాగితం ఎక్కడ ఉన్నదో చూడండి. దొరకకపోతే ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్లి అడగండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇటీవలే సిజేరియన్ అయి ఉంటే, బాలింతను ఇంటికి తీసుకొనిరాక ముందే "గర్భాశయం మీద కోత ఎట్లా పెట్టారు? మరుసటిసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చునా?" అని అడిగి, జవాబును కాగితం మీద వ్రాయించుకొనండి.